ప్రదర్శనకు పెట్టిన ఊళ్లు

ఒక ప్రదర్శన 1999లో ముగిసింది. అందులో అన్నిటికన్నా ముఖ్యమైన వస్తువు మాత్రం 2021 చివరికి గానీ తయారు కాలేదు. ఆ వస్తువు ఒక నది. జర్మనీ పశ్చిమాన రూర్ బొగ్గు ప్రాంతం గుండా పారే ఎంషర్ నది నూరేళ్లకు పైగా మురుగు మోసింది. 2022 జనవరి నుంచి మురుగు లేకుండా రైన్‌లో కలుస్తోంది. ఆ మార్పుకు రంగం సిద్ధమైంది ఆ నిర్మాణ ప్రదర్శన నడిచిన పదేళ్లలోనే.

నిర్మాణ ప్రదర్శన అనగానే సిమెంటు కంపెనీల స్టాళ్లు, గాజు పెట్టెల్లో అపార్టుమెంట్ల నమూనాలు గుర్తుకొస్తే అది మన అలవాటు. హైటెక్స్‌లో ప్రాపర్టీ షోకి వెళ్లినవాళ్లు చేతినిండా బ్రోషర్లతో తిరిగొస్తారు. జర్మన్ల పద్ధతి వేరు. అక్కడ నిజమైన ఇళ్లు, వీధులు, ఒక్కోసారి పేటకు పేటే ప్రదర్శన. చూడవచ్చినవాళ్లు వెళ్లిపోయాక అందులో జనం కాపురాలు పెడతారు. దాన్ని అంతర్జాతీయ నిర్మాణ ప్రదర్శన అంటారు, జర్మన్ పేరులోని మొదటి అక్షరాలు కలిపి ఐబీఏ. ఎప్పుడు పెట్టాలో, ఎక్కడ పెట్టాలో చెప్పే చట్టమేదీ లేదు. ఏ నగరమో రాష్ట్రమో పూనుకుంటుంది, కొన్నేళ్లు నడిపి మూసేస్తుంది.

ఈ ప్రదర్శనలను వరసగా పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. ప్రతి తరమూ తన ఊరికి ఏ కరువు వచ్చిందనుకుందో దానికి విరుగుడునే ప్రదర్శించింది. మొదట వెలుతురు కరువు, తర్వాత స్థలం కరువు, ఆపైన మిగిలిన పాత ఇళ్ల కరువు, శుభ్రమైన నీటి కరువు, ఒకచోట మనుషుల కరువు కూడా. నగర ప్రణాళికలో ఇవాళ సుస్థిరత అంటున్నది ఇన్ని కరువులు దాటి వచ్చినదే. దారిలో దాని చూపు కొత్త ఇంటి మీది నుంచి ఉన్న ఊరి మీదికి మళ్లింది.

1901లో డార్మ్‌స్టాట్‌లో ఈ సంప్రదాయం మొదలైనప్పుడు లక్ష్యం అందం. హెస్సె గ్రాండ్ డ్యూక్ ఎర్న్‌స్ట్ లుడ్విగ్ మాటిల్డెన్‌హోహె గుట్ట మీద కళాకారులకు ఇళ్లు కట్టించి జనానికి చూపించాడు. కూలీ ఇంటి ఊసు అప్పుడు లేదు. ఆ ఊసు 1927లో, స్టుట్‌గార్ట్‌లోని వైసెన్‌హోఫ్‌లో వచ్చింది. జర్మన్ వెర్క్‌బుండ్ అనే సంఘం తరఫున మీస్ వాన్ డెర్ రోహె 17 మంది ఆర్కిటెక్టులను పోగుచేసి 21 భవనాలు కట్టించాడు. అయిదు లక్షల మంది వచ్చి చూశారని లెక్క. పారిశ్రామిక నగరాల్లో కార్మికులు ఎండ పడని ఇరుకు గదుల్లో క్షయతో దగ్గుతున్న రోజులవి. అందుకే పొడుగాటి కిటికీలు, చదును కప్పులు, లె కార్బుసియె ఇళ్ల మీద మిద్దె తోటలు. తక్కువ ఖర్చుతో, ఫ్యాక్టరీ పద్ధతిలో ఇళ్లు కట్టవచ్చని చూపడం మరో ఆశయం. ఆచరణలో అవి కార్మికుడి జీతానికి అందే ఇళ్లు కాలేదు. ఆ దశకంలోనే మెర్సిడెస్ కంపెనీ తన కారును లె కార్బుసియె ఇంటి ముందు నిలబెట్టి తీయించిన ప్రకటన ఫొటో ఆర్కిటెక్చర్ పుస్తకాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. చలికాలంలో ఆ ఇళ్లకు ఎంత బొగ్గు కావాలన్నది అప్పటి చర్చలో పెద్ద ప్రశ్న కాదు. తర్వాత నాజీలు ఆ కాలనీని ‘అరబ్బుల పల్లె’ అని వెక్కిరించారు, యుద్ధంలో బాంబులు పడ్డాయి. 21లో 11 మిగిలాయి. లె కార్బుసియెవి రెండు 2016లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి.

యుద్ధం అయ్యాక కరువు మారింది. తూర్పు బెర్లిన్‌లో స్టాలిన్ పేరు పెట్టిన రాజవీధికి రెండు వైపులా కార్మికుల కోసం రాజమహళ్లలాంటి భవనాలు బారులు తీరుతుంటే, పశ్చిమ బెర్లిన్ తన జవాబును 1957లో ‘ఇంటర్‌బావ్’ పేరుతో నిలబెట్టింది. బాంబులకు నేలమట్టమైన హన్సా పేటలో పాత వీధుల గీతలు చెరిపేసి, తోటలో అక్కడొకటి ఇక్కడొకటి అన్నట్టు భవనాలు లేపారు. గ్రోపియస్, ఆల్టో, నీమయర్ లాంటి దిగ్గజాల గీతలవి. జూ స్టేషన్ నుంచి కేబుల్ కుర్చీల్లో కూర్చుని జనం ఆ వింతను పైనుంచి చూశారు. పచ్చదనం అంటే అప్పటి అర్థం చెట్లు, గాలి, దూరదూరంగా ఉండే ఇళ్లు. ఇల్లొక చోట, ఉద్యోగమొక చోట, దుకాణమొక చోట ఉండి మధ్యలో కారు తిరగడమే ప్రగతి. నిజం చెప్పాలంటే హన్సా పేట ఇప్పటికీ బాగుంటుంది, అక్కడి ఫ్లాట్లకు గిరాకీ ఉంది. చిక్కంతా నకళ్లతో వచ్చింది. తోటమాలులకూ పెద్దపీట వేసిన నమూనా నుంచి యూరప్ నగరాలు టవర్లను తీసుకున్నాయి, తోటను వదిలేసి ఆ స్థానంలో పార్కింగు పెట్టుకున్నాయి.

ఆ నకళ్ల మీద తిరుగుబాటు మళ్లీ బెర్లిన్‌లోనే లేచింది. బెర్లిన్ గోడను ఆనుకుని ఉన్న క్రాయిట్స్‌బెర్గ్ పేట మీదుగా నగర హైవే వేసి, ఒరానియెన్ కూడలిలో ఇంటర్‌చేంజ్ కట్టాలని అధికారులు పథకం వేశారు. ఎలాగూ కూల్చేవే కదా అని యజమానులు ఇళ్లకు మరమ్మతులు మానేశారు. కొన్ని ఇళ్లు ఖాళీగా పడి ఉంటే, మరోవైపు జనం అద్దె ఇల్లు దొరక్క అల్లాడారు. 1981 నాటికి పశ్చిమ బెర్లిన్‌లో 160కి పైగా ఇళ్లలోకి యువకులు చొరబడి కాపురం పెట్టారు. తమ చేతులతోనే కప్పులు, పైపులు బాగుచేసుకున్నారు కూడా.

1979లో మొదలై 1987లో బెర్లిన్ 750వ వార్షికోత్సవంతో ముగిసిన ఐబీఏకి అందుకే రెండు తలలు. కొత్త కట్టడాల విభాగానికి యోసెఫ్ పౌల్ క్లైహ్యూస్ పెద్ద. రోసీ, ఐసెన్‌మన్ లాంటి పేర్లన్నీ ఆయన జాబితాలోవే, పత్రికల్లో ఫొటోలూ వాళ్లవే. పాత కట్టడాల విభాగాన్ని హార్ట్-వాల్టర్ హేమర్ చూశాడు. కూల్చి కట్టడంకన్నా బాగుచేయడం చవక అని ఆయన అంతకుముందే షార్లొటెన్‌బుర్గ్‌లోని ఒక వాడలో చేసి చూపించాడు. క్రాయిట్స్‌బెర్గ్‌లో ఆయన పట్టుబట్టిన సూత్రాలు పన్నెండు. వాటి సారం ఒక్కటే: ఉన్నవాళ్లను అడిగి, ఉన్నచోటే ఉంచి, విడతలవారీగా, వాళ్ల జేబుకు తట్టుకునేంత మేరకే బాగుచేయాలి. ఇళ్లలోకి చొరబడి కూర్చున్నవాళ్లతో, తుర్కియే నుంచి వలస వచ్చిన కుటుంబాలతో ఇంజినీర్లు బల్ల చుట్టూ కూర్చోవడం అప్పట్లో చిన్న సంగతి కాదు. హైవే రాలేదు. వేల ఇళ్లు నిలిచాయి.

సుస్థిర అభివృద్ధికి ప్రపంచమంతా వల్లించే నిర్వచనం ఇచ్చిన బ్రుంట్‌లాండ్ కమిషన్ నివేదిక వెలువడింది కూడా 1987లోనే. హేమర్ బృందం దానికోసం ఎదురుచూడలేదు. బెర్లిన్‌లో అప్పటికే కొన్ని వాడల్లో ఇళ్లలో వాడిన నీటిని మొక్కల మడుల్లో శుద్ధిచేసే ప్రయోగాలు సాగుతున్నాయి. అయినా ఆ ప్రదర్శన అసలు సాధించింది నీటి విషయంలో కాదు. నిలబడి ఉన్న గోడ కూడా సంపదే అని, దాన్ని కూల్చితే డబ్బుతో పాటు ఇరుగుపొరుగు కూడా పోతుందని అధికారుల లెక్కల్లోకి ఎక్కించింది.

ఎంషర్ పార్క్ ఐబీఏ ఆ లెక్కను ఇంటి నుంచి నేలకు, నేల నుంచి నదికి పెంచింది. 1989 నుంచి 1999 దాకా 17 పురపాలికలలో, సుమారు 800 చదరపు కిలోమీటర్లలో, ఇరవై లక్షల జనాభా మధ్య నడిచింది. కార్ల్ గాన్సర్ దాని సారథి. గనులు మూతపడుతున్నాయి, ఉక్కు కొలిమిలు చల్లారుతున్నాయి, కుర్రకారు ఊరు వదిలి పోతోంది. ఏ మంత్రి అయినా చేసే పని తుప్పు పట్టిన యంత్రాలను తుక్కుకు అమ్మి, చదునుచేసి, కొత్త ఫ్యాక్టరీలను పిలవడం. గాన్సర్ వద్దన్నాడు. ఆయన చేతిలో సొంత నిర్మాణ నిధి లేదు. రాష్ట్ర ప్రభుత్వపు మామూలు పథకాల డబ్బు ఏ ప్రాజెక్టుకు ముందు వెళ్లాలో సిఫారసు చేసే పలుకుబడి మాత్రమే ఉంది. దాంతోనే సుమారు 120 పనులు సాధించాడు. నాణ్యత తగ్గితే ఐబీఏ ముద్ర పడదు, ముద్ర లేకపోతే నిధుల వరసలో వెనక్కి పోతుంది. బెదిరింపు అనండి, తెలివి అనండి, పనిచేసింది.

డ్యూస్‌బుర్గ్‌లో 1985లో మూతపడ్డ థిసెన్ ఉక్కు ఫ్యాక్టరీ అందుకు తార్కాణం. ఆర్కిటెక్టు పీటర్ లాట్స్ దాన్ని పార్కుగా మలిచినప్పుడు కొలిమిలను కదిలించలేదు. ఖనిజం నింపే కాంక్రీటు తొట్లలో పర్వతారోహకులు ఎక్కడం నేర్చుకుంటున్నారు. గ్యాసు నిల్వచేసిన తొట్టిని నీళ్లతో నింపితే అందులో డైవింగు శిక్షణ జరుగుతోంది. విషం పట్టిన మట్టిని లారీలకెత్తి ఇంకో ఊరికి పంపడం ప్రధాన మార్గం కాలేదు. కొన్నిచోట్ల సీలు వేసి, కొన్నిచోట్ల పిచ్చిచెట్లకే వదిలేశారు. ఎసెన్‌లోని జోల్‌ఫెరైన్ బొగ్గు గని 1986లో మూతపడింది, 2001లో ప్రపంచ వారసత్వ సంపద అయింది. హెర్నెలో పాత గని స్థలం మీద కట్టిన శిక్షణ అకాడమీ కప్పంతా సౌర ఫలకాలు. కింద గని నుంచి ఇంకా ఊరుతున్న మీథేన్‌ను పట్టి కరెంటు చేశారు.

వీటన్నిటికన్నా పెద్ద పని మాత్రం కంటికి కనిపించదు. బొగ్గు తవ్వితే పైన నేల కుంగుతుంది, కుంగిన నేలలో పైపులు విరుగుతాయి. అందుకే 1899లో ఏర్పడ్డ ఎంషర్ సహకార సంఘం నదినే కాంక్రీటు కాలువగా మార్చి మురుగంతా బహిరంగంగా పారించింది. టైఫాయిడ్, కలరాలతో పోరాడిన ఆ కాలానికి అదే మెరుగైన మార్గం. గనులు మూతపడి నేల స్థిరపడ్డాకే భూమిలో పైపులు వేసే వీలొచ్చింది. 1992లో పని మొదలైంది. ప్రధాన మురుగు కాలువ 51 కిలోమీటర్లు, కొన్నిచోట్ల 40 మీటర్ల లోతున ఉంది. ఉపకాలువలతో కలిపి 400 కిలోమీటర్లకు పైనే. ఖర్చు 550 కోట్ల యూరోల దాకా తేలింది. ముప్ఫై ఏళ్లలో ఎన్ని ప్రభుత్వాలు మారినా పని ఆగకపోవడానికి కారణం, దాన్ని చేసింది ఊళ్లూ పరిశ్రమలూ సభ్యులుగా ఉండి చందా కట్టే ఆ పాత సహకార సంఘమే. మూసీని ఒక్క ఎన్నికల గడువులో కడిగేస్తామనేవాళ్లు ఈ లెక్కను గోడకు అంటించుకోవచ్చు.

జర్మనీ నేలను బాగుచేస్తున్న కాలంలోనే స్వీడన్ మీటర్లు బిగించింది. 2001లో మాల్మో రేవులో ‘బో01’ పేరుతో జరిగిన యూరోపియన్ గృహ ప్రదర్శన తన పేటకు కావలసిన శక్తి మొత్తం స్థానికంగా, పునరుత్పాదక వనరుల నుంచే వస్తుందని ప్రకటించింది. గాలిమర, సౌర ఫలకాలు, భూగర్భ జలాశయం నుంచి వేడిని తోడే పంపులు అమర్చారు. ప్రతి బిల్డరూ ఒక జాబితాలోంచి కనీసం పది ‘పచ్చ పాయింట్లు’ ఎంచుకోవాలి. గబ్బిలాల పెట్టె, పక్షిగూడు కూడా అందులో ఉన్నాయి. ఇళ్లు చదరపు మీటరుకు ఏడాదికి 105 కిలోవాట్ గంటలకు మించి వాడకూడదన్నది లక్ష్యం. తీరా కొలిచి చూస్తే చాలా ఇళ్లు గీత దాటాయి. సముద్రం కనబడాలని పెట్టిన పెద్ద పెద్ద గాజు గోడలు వేడిని బయటికి వదిలాయి. ప్రదర్శన నడిపిన కంపెనీ కూడా దివాలా తీసింది. అలాగని బో01ను వైఫల్యాల ఖాతాలో వేయడం తప్పు. కొలవడం, కొలిచినది దాచకపోవడం అంతకుముందు ప్రదర్శనల్లో అరుదు. ఆ పాఠాలతోనే మాల్మో తర్వాతి పేటల్లో లెక్క బిగించింది.

సుస్థిరత అంటే కొత్త పరికరాలే అనుకునేవాళ్లకు సాక్సనీ-అన్‌హాల్ట్ ఐబీఏ మింగుడుపడదు. జర్మనీ ఏకీకరణ తర్వాత ఫ్యాక్టరీలు మూతపడి, దాదాపు 30 లక్షలున్న ఆ రాష్ట్ర జనాభా 2010 నాటికి 23 లక్షల పైచిలుకుకు పడిపోయింది. 19 ఊళ్లు 2002 నుంచి 2010 దాకా ‘తగ్గడం ఎలా’ అన్నదాన్నే ప్రదర్శించాయి. దెస్సావ్ ఊరి మధ్యలో ఖాళీ భవనాలను తొలగించి, మిగిలిన పేటలను దీవుల్లా ఉంచి, నడుమ పచ్చిక పరిచింది. కావాలన్నవాళ్లకు 400 చదరపు మీటర్ల చొప్పున నేలను సాగుకు ఇచ్చింది. రిబ్బను కత్తిరించడానికి మంత్రికి కొత్త భవనం లేని ప్రదర్శన అది. అసలు ధైర్యమంతా అక్కడే ఉంది.

హాంబుర్గ్ మళ్లీ తళుకులకు వచ్చింది. 2006 నుంచి 2013 వరకు ఎల్బె నది పాయల మధ్యనున్న విల్‌హెల్మ్స్‌బుర్గ్ దీవిలో ఐబీఏ నడిచింది. 1962 వరదలో హాంబుర్గ్‌లో చనిపోయిన 315 మందిలో రెండువందల మందికి పైగా ఆ దీవివాళ్లే. తర్వాత పోర్టు చెత్త, వలస కూలీలు, చవక అద్దెలు దాని వంతయ్యాయి. యుద్ధకాలపు విమాన నిరోధక బంకరును అక్కడ 20 లక్షల లీటర్ల వేడినీటి తొట్టిగా మార్చి చుట్టుపక్కల ఇళ్లకు వెచ్చదనం పంపారు. డయాక్సిన్ కారిన చెత్తకొండ మీద గాలిమరలు, సౌర ఫలకాలు పెట్టారు. ఈ రెండూ ఊరి గాయాల మీదే కట్టిన పనులు, అందుకే నిలిచాయి. ప్రపంచ పత్రికలన్నీ ఫొటో వేసుకున్నది మాత్రం 129 గాజు పలకల్లో నాచు పెంచిన ఇంటిని. ఆ నాచు గోడలు ఊరూరా లేస్తాయన్న ఆశ పదేళ్లు దాటినా తీరలేదు. పేట బాగుపడుతున్నకొద్దీ అద్దెలు ఎగబాకుతాయన్న భయం స్థానికుల నిరసనల్లో మొదటినుంచీ వినిపించింది. కూలకుండా కాపాడిన క్రాయిట్స్‌బెర్గ్‌లో ఇవాళ్టి అద్దెలు చూసినవాళ్లు ఆ భయాన్ని కొట్టిపారేయలేరు. హేమర్ సూత్రాలు అద్దెదారును రక్షించాయి, ఆ అద్దెదారు తర్వాత వచ్చేవాడి సంగతి చూడలేదు.

ఇప్పుడు లెక్క మళ్లీ మారుతోంది. భవనాల వాడకం, నిర్మాణం కలిపి ప్రపంచపు శక్తి సంబంధిత కార్బన్ ఉద్గారాల్లో మూడో వంతుకు పైనేనని ఐక్యరాజ్యసమితి అంచనా. ఇల్లు వాడేటప్పుడు అయ్యే కరెంటును తగ్గించే కొద్దీ, ఇల్లు కట్టేటప్పుడే సిమెంటుతో, ఉక్కుతో గాలిలో కలిసిపోయిన కార్బన్ పెద్దదై కనిపిస్తోంది. ఎంత గొప్ప కొత్త ఇల్లయినా ఆ అప్పుతోనే పుడుతుంది. 2022లో జర్మనీలో ఆర్కిటెక్టులు, నిపుణులు కొందరు కూల్చివేతలకు విరామం ప్రకటించమని బహిరంగ లేఖ రాశారు. వైసెన్‌హోఫ్ నూరేళ్ల సందర్భంగా స్టుట్‌గార్ట్ ప్రాంతం 2027కు తలపెట్టిన ఐబీఏలో ఆ ధోరణి స్పష్టం. 179 పురపాలికలున్న ఆ కార్ల సీమలో ఎంచుకున్న స్థలాల్లో వెండ్లింగెన్ పాత నూలు మిల్లు ఆవరణ, ఫెల్‌బాఖ్‌లో పొలాలూ పరిశ్రమలూ పక్కపక్కనే ఉన్న అంచు ఉన్నాయి. ఒకప్పుడు విడదీసి చూసిన ఇల్లు, పని, సాగు మళ్లీ ఒక్కచోటికి వస్తున్నాయి.

భారతదేశం ఈ వరసలో ఎక్కడుంది? 1954లోనే ఢిల్లీలో చవక ఇళ్ల అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది, ఐక్యరాజ్యసమితి సదస్సు దానికి తోడు. తర్వాత చాలాకాలం ఆ దారి మరిచారు. 2004లో హైదరాబాద్‌లో ప్రారంభమైన సీఐఐ-సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ నిజానికి ఒంటరి ప్రదర్శన భవనమే. అమెరికా బయట ‘లీడ్’ అనే హరిత భవన రేటింగులో ప్లాటినం ముద్ర పొందిన తొలి కట్టడంగా దాన్ని చెప్పుకుంటారు. ఊరు దాన్ని చూసి ముద్ర సంపాదించడం నేర్చుకుంది, చుట్టూ గాజు టవర్లు మాత్రం పెరుగుతూనే పోయాయి. 2021లో కేంద్రం ఇండోర్, రాజ్‌కోట్, చెన్నై, రాంచీ, అగర్తలా, లక్నోల్లో ‘లైట్ హౌస్’ ప్రాజెక్టులకు శంకుస్థాపన చేసింది. ఒక్కోచోట సుమారు వెయ్యి ఇళ్లు, ఒక్కోచోట ఒక్కో కొత్త నిర్మాణ పద్ధతి. పేదలకు ఇళ్లు త్వరగా కట్టడం అవసరమే. అయితే ఫ్యాక్టరీలో పోతపోసిన గోడలు, తగ్గిన రోజులు అనే ఆ భాష 1927 నాటి వైసెన్‌హోఫ్ భాష. ఉన్న బస్తీని ఉన్నచోటే బాగుచేయడం, పాడైన నేలను తిరిగి తెచ్చుకోవడం అనే తర్వాతి పాఠాలు ఆ ఆరు చోట్లా కనిపించవు.

తెలుగు నేల మీద అలాంటి ప్రదర్శన ఎవరైనా తలపెడితే, కొత్త రాజధానిలోనో కోకాపేటలోనో ఖాళీ జాగా వెతకడం సహజం. రూర్ చూసొచ్చినవాళ్లయితే ఇల్లెందు వైపు, బెల్లంపల్లి వైపు చూడమంటారు. సింగరేణి బొగ్గు కథ మొదలైంది ఇల్లెందులో. బెల్లంపల్లిలో భూగర్భ గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, 2001, 2011 జనగణనల మధ్య ఊరి జనాభా తగ్గింది. కార్మికుల క్వార్టర్ల వరసలున్నాయి, ఓపెన్‌కాస్టు గోతులున్నాయి, మట్టి దిబ్బలున్నాయి, పని తెలిసిన చేతులున్నాయి. ఎంషర్ సహకార సంఘంలా తరాలపాటు బాధ్యత మోయగల సంస్థగా సింగరేణి కూడా ఉంది. పదేళ్ల గడువు, జిల్లా అధికారుల కన్నా పై స్థాయిలో నాణ్యత చూసే ఒక చిన్న బృందం, కొలిచిన లెక్కలు ఏటా బయటపెట్టే నియమం ఉంటే చాలు, మొదటి విడతకు కొత్త నిధి కూడా పెద్దగా అక్కర్లేదు. గాన్సర్‌కూ అంతకన్నా ఎక్కువేమీ లేదు.